మూడో గొట్టం

1996 ఆగస్టు 19, సోమవారం

ఈ నోటుపుస్తకం తేజశ్రీ బడికోసం కొన్నది. గీతలు మరీ దగ్గరగా ఉన్నాయని వాళ్ళ టీచరు వద్దన్నదట. నాకు పనికొచ్చింది. తెలుగులో రాస్తే ఈ డర్బన్‌లో చదివేవాళ్ళు లేరు. మా ఇంటి యజమాని జగన్నాథం బాబాయికి తెలుగు మాట వస్తుంది గాని అక్షరం రాదు.

ఈరోజు గ్రాఫు పూర్తయింది. డర్బన్‌కి తూర్పున రెండు వేల మీటర్ల లోతునుంచి ఓడ తెచ్చిన మట్టి, పైనుంచి కిందికి మీటరు చొప్పున కోసిన తొమ్మిది గొట్టాలు, నూట ఎనభై నమూనాలు. పెర్సీ నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. మా విభాగానికి ఆయనే అధిపతి. గడ్డం గోక్కున్నాడంటే సంతోషించినట్టు లెక్క. ఈరోజు గోక్కున్నాడు.

మంచుయుగం నడిమధ్యలో ఇక్కడి సముద్రం ఉన్నట్టుండి రెండున్నర డిగ్రీలు వేడెక్కింది. తర్వాత మెల్లగా చల్లబడింది. మళ్ళీ ఒక్క గెంతు గెంతి వేడెక్కింది. ఇలాంటిది ఈ తీరంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. "వసుమతీ, దీనితో మనిద్దరి జాతకాలూ మారతాయి" అన్నాడు పెర్సీ. జాతకం అనలేదు, అలాంటిదే ఏదో అన్నాడు.

ఎప్పుడో అయిపోయిన సముద్రానికి జ్వరం ఎలా చూస్తావమ్మా అని తేజశ్రీ అడిగింది. చెప్పాను. నీళ్ళలో కంటికి కనబడనంత చిన్న నాచు ఉంటుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఒంట్లో ఒక రకం కొవ్వు చేసుకుంటుంది, చల్లగా ఉంటే ఇంకో రకం. చచ్చి అడుగున పడితే నాచు పోతుంది, కొవ్వు మట్టిలో మిగులుతుంది. మట్టి పొరమీద పొర పడుతుంది కాబట్టి లోతుకు వెళ్ళేకొద్దీ పాతకాలం. ఏ పొరలో ఏ కొవ్వు ఎంతుందో మెషిను చెబుతుంది, అప్పటి నీళ్ళు ఎంత వెచ్చనో నేను లెక్క కడతాను. "అంటే అమ్మణి అవ్వ నెయ్యి లాగా, చలికి గడ్డకట్టేది" అంది, బాబాయి భార్యని తలచుకుని. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత అర్థమైతే చాలు.

ఇక్కడ పనిచేయడానికి నా పర్మిట్ జనవరి 31తో ఆఖరు. పెర్సీ ఉత్తరం ఇస్తేనే పొడిగిస్తారు. ఉత్తరం లేకపోతే వైజాగ్. వైజాగ్ అంటే తేజశ్రీ నాన్న పాండురంగ ఇల్లు. ఆరేళ్ళు గేటు చప్పుడికి ఉలిక్కిపడుతూ బతికిన ఇల్లు.

ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు. గ్రాఫు ఉంది.

ఒక చిన్న సంగతి. రెండు గెంతులూ సరిగ్గా మూడో గొట్టం రెండు చివర్లలోనే పడ్డాయి. కాకతాళీయం.

ఆగస్టు 27, మంగళవారం

బాబాయి ఇరవై తొమ్మిదేళ్ళుగా మా సంస్థలో అటెండెంటు. కాగితం మీద ఆయన పని నేల తుడవడం, సీసాలు కడగడం. నిజానికి మట్టి గొట్టాలు తెరిచేది, తీగతో నిలువునా రెండుగా కోసేది, ఏ చివర పైది ఏది కిందిదో గుర్తు పెట్టేది ఆయనే. నాకు కొయ్యడం నేర్పింది కూడా ఆయనే. "వెన్న కాదు తల్లీ, సబ్బు కోసినట్టు కొయ్యాల. తీగ ఆగితే మళ్ళ మొదలు." తెల్లవాళ్ళ పాత ప్రభుత్వంలో ఆయన రంగువాళ్ళకి టెక్నీషియన్ హోదా ఇవ్వలేదు. ఇప్పుడు కొత్త కమిటీ వచ్చింది, అందరి హోదాలూ మళ్ళీ చూస్తోంది. ఆయన ఇంటర్వ్యూ నవంబరులో.

రెడ్‌హిల్‌లో వాళ్ళ ఇంటి వెనక రెండు గదులు మావి. నేను వచ్చిన మొదటి వారమే ఇప్పించారు. "ఊరు నుంచి వచ్చింది, తెలుగు పిల్ల, హోటల్‌లో ఎందుకు?" అని. ఆయన తాతగారు ఏ ఊరినుంచి చెరకు తోటకి వచ్చారో ఆయనకి తెలియదు. అయినా ఊరు ఊరే.

ఈరోజు వంటింట్లో తేజశ్రీ ఇంటర్వ్యూ చేసింది. బల్లకి అవతల కూర్చుని గంభీరంగా "మిస్టర్ జగన్నాథం, సీ-మడ్ అంటే ఏమిటి?" అని అడిగింది. బాబాయి కోటు వేసుకుని మరీ కూర్చున్నారు. అమ్మణి పిన్ని పొయ్యి దగ్గర్నుంచి "ఓసి నీ ఇల్లు బంగారం గాను, తాతని ఫెయిల్ చేయకే!" అని కేక పెట్టింది.

నాకు ఇంత నవ్వు వచ్చి ఎన్నాళ్ళయింది.

సెప్టెంబరు 12, గురువారం

మట్టిలోని గవ్వపొడి వయసు కట్టడానికి విదేశంలో ఒక లాబుకి పంపాం. ఈరోజు ఫ్యాక్సు వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, మూడో గొట్టం తప్ప. పై చివర పద్దెనిమిది వేల ఏళ్ళట. కింది చివర పదకొండు వేలట. పైది పాతది, కిందిది కొత్తది.

వాళ్ళు రెండు సీసాలు తారుమారు చేసి ఉంటారని పెర్సీ అన్నాడు. నేనూ అదే అన్నాను. ముందు నేనే అన్నానేమో.

మళ్ళీ చూడమని రాశాం.

సెప్టెంబరు 13

సీసాలే.

సెప్టెంబరు 17, మంగళవారం

మధ్యాహ్నం, ఊరికే, పలచటి కాగితం మీద మూడో గొట్టం గీత ఒక్కటే దించుకున్నాను. కాగితం తిప్పి తలకిందులుగా గ్రాఫు మీద పెట్టాను.

పైన రెండో గొట్టంతో అతికింది. కింద నాలుగో గొట్టంతో అతికింది. గెంతులు రెండూ మాయమయ్యాయి. మంచుయుగం పోయి వేడి వచ్చిన కాలం, ఎక్కడైనా ఉండేలాంటి నున్నటి గీత.

కాగితం చింపేశాను. అతికినంతమాత్రాన నిజమని కాదు. గీతలు చాలా వాటితో అతుకుతాయి.

సెప్టెంబరు 22, ఆదివారం

జూన్ 26 గురించి రాయాలి. ఒక్కసారి రాసి వదిలేస్తాను.

ఆ రోజు ఇక్కడ స్థానిక ఎన్నికలు. మా సంస్థకి సెలవు. బాబాయి, పిన్ని పొద్దున్నే క్యూలో నిలబడడానికి వెళ్ళారు. నాకు ఓటు లేదు, తేజశ్రీకి బడి లేదు. దాన్ని వెంటబెట్టుకుని లాబుకి వెళ్ళాను. ముందురోజు బాబాయి ఒకటో గొట్టం, రెండో గొట్టం తెరిచి పెట్టారు. పెర్సీ తొందర పెడుతున్నాడని మూడోది నేనే తెరిచాను. మూతల మీద ఓడవాళ్ళు రాసినది చెమ్మకి దాదాపు చెరిగిపోయింది. ఎటు పైనో చూసుకుని రెండు మూతలూ తీశాను. గుర్తు పెట్టబోతుండగా ఫోను మోగింది.

పాండురంగ. నంబరు ఎలా సంపాదించాడో. పిల్లని ఎత్తుకుపోయానని పోలీసు కేసు పెడతానన్నాడు. ఇరవై నిమిషాలు. పెట్టేసి వచ్చాను. మూతలు పెట్టాను. బాణం గుర్తు వేశాను.

ఎటు వేశానో నాకు గుర్తు లేదు.

సెలవురోజు ఒంటరిగా తడిగదిలో, అంటే మట్టి కోసే గదిలో, పని చేయకూడదని నియమం. అందుకని రిజిస్టర్‌లో ముందురోజు తేదీ కిందే, ఒకటి, రెండు అన్న చోట మూడు కలిపాను. "తెరిచి గుర్తు పెట్టినవారు: జగన్నాథం." అక్కడ ఎప్పుడూ ఆయన పేరే ఉంటుంది. ఆయనకి బదులు నేను రాయడం కూడా మామూలే. అందులో తప్పేమీ లేదు.

అయిపోయింది. రాశాను.

అక్టోబరు 8, మంగళవారం

లాబు జవాబు వచ్చింది. రెండుసార్లు మళ్ళీ చూశారట. సీసాలు సరైనవే.

పెర్సీ తెలివితక్కువవాడు కాదు. పావుగంట గ్రాఫు ముందు కూర్చుని, లేచి వెళ్ళి రిజిస్టర్ తెచ్చాడు. మా ఇద్దర్నీ పిలిచాడు.

"జగ్గీ, ఇది చూడు" అన్నాడు. ఇక్కడందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. "జూన్ ఇరవై అయిదు. మూడో గొట్టం. తలకిందులుగా గుర్తు పెట్టావు."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ వరస మీద వేలు ఉంచి చాలాసేపు చూశారు.

"నేను ఆ రోజు రెండే చేసినట్టు గుర్తు, సర్."

"మూడని ఉంది."

"ఉంది, సర్."

"అది నీ పేరేనా?"

"నా పేరే, సర్."

పెర్సీ నావైపు చూశాడు. బాబాయి చూడలేదు. నేను కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూస్తున్నాను. ఎర్ర కారొకటి వెనక్కి రావడానికి తంటాలు పడుతోంది. ఆ కారు నంబరు ఇప్పటికీ చెప్పగలను.

వరండాలో బాబాయి నా పక్కన నడుస్తూ మెల్లగా అన్నారు. "నేనే చేసింటది తల్లీ. బుక్‌లో రాసుంది కద. నీకి చెడ్డపేరు తెచ్చింది నేను. తప్పు అనుకోవద్దు."

అక్టోబరు 9

చెప్పలేదు.

అక్టోబరు 10

పెర్సీ ఊళ్ళో లేడు. ఉంటే చెప్పేదాన్ని.

అక్టోబరు 14, సోమవారం

పెర్సీ తలుపు వేసి కూర్చోమన్నాడు. దయగానే మాట్లాడాడు. తప్పు అచ్చయ్యాక కాక ముందే బయటపడడం అదృష్టమట. వయసులు కట్టించాలని పట్టుబట్టింది నేనే కాబట్టి, తప్పు పట్టుకున్నది నేనేనని రిపోర్టులో రాశాడట. జగ్గీ మంచివాడే, కాని ఇప్పుడు టెక్నీషియన్ హోదా ఇమ్మని కమిటీకి తాను చెప్పలేడు. ఇంటర్వ్యూ ఆపించాడు. ముందుగా పెన్షన్ తీసుకోమని సలహా ఇస్తాడట.

నా నోరు తెరుచుకుంది. "ఆయన ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క గొట్టం కూడా..." అన్నాను.

"ఎన్నికల రోజు నువ్వు వచ్చావా?" అని అడిగాడు పెర్సీ.

నేను కిటికీ వైపు తిరిగాను.

"గేటు దగ్గర పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో ఎవరు ఏ రోజు వచ్చారో రాస్తారు. దాన్ని నేను చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందనుకోవడం లేదు." సొరుగులోంచి కవరు తీసి ముందుకి తోశాడు. "నీ పర్మిట్ ఉత్తరం. మూడేళ్ళకి రాశాను."

ఆయనకి తెలుసు. టెక్నీషియన్లు చాలామంది దొరుకుతారు, మెషిను నడిపేదాన్ని నేనొక్కదాన్నే.

కవరు తీసుకున్నాను. తీసుకున్నంతమాత్రాన పంపాలని లేదు.

అక్టోబరు 16

పంపాను.

అక్టోబరు 20, ఆదివారం

బాబాయి కారు నడపడం మానేశారు. ఇద్దరం బస్సులో వెళ్తున్నాం. "కన్ను సరిలేదు" అంటారు. కన్ను బాగానే ఉందని డాక్టరు చెప్పాడట.

పొద్దున మా కిటికీలోంచి వాళ్ళ వంటిల్లు కనబడుతుంది. ఆయన స్టవ్ ముందు నిలబడి ఒక్కొక్క నాబూ ముట్టుకుని చూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఒకటి, రెండు.

పిన్ని బట్టలు ఆరేస్తూ నాతో అంది: "రాత్రి గేటు తాళం మూడుసార్లు లేచి చూస్తది. నా పేరు అడిగినా చెప్పేముందు ఆలోచిస్తది వసూ. ఏం పట్టింది ఈ మనిషికి?"

పని ఎక్కువై ఉంటుంది అన్నాను.

నవంబరు 3

పాండురంగ ఉత్తరం. విప్పలేదు. పర్మిట్ ఆఫీసునుంచి ఇంకా ఏమీ రాలేదు. లాబులో అందరూ నాతో మర్యాదగా ఉన్నారు. నేను తప్పు పట్టుకున్న మనిషిని.

తడిగదిలో బాబాయి గొట్టం తెరవడానికి ముందు నన్ను పిలిచి "ఇది పైన కద? చూడు, పైనే కద?" అని అడుగుతున్నారు. ప్రతి గొట్టానికీ. నాకు కొయ్యడం నేర్పిన మనిషి.

నవంబరు 10, ఆదివారం, దీపావళి

అంతా సక్రమంగా రాయాలి.

సాయంత్రం చీకటి పడుతుండగా వెనక పెరట్లో తేజశ్రీ చిచ్చుబుడ్డి పెట్టి, తాతా వెలిగించు అని పిలిచింది. ప్రతి ఏడాదీ ఆ వీధి పిల్లలందరికీ ఆయనే వెలిగిస్తారట. బాబాయి అగ్గిపెట్టె పట్టుకుని కాసేపు నిలబడి, పిన్నికి ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయారు. "నా చెయ్యి నమ్మకం లేదు. పిల్లకి కాల్తది" అన్నారు.

తేజశ్రీ నా దగ్గరకొచ్చింది. "తాత ఎందుకలా అయిపోయాడు?"

"ఆఫీసులో ఒక గొట్టం తప్పుగా పెట్టారు. అందుకని బాధ."

"ఏ గొట్టం?"

"మూడోది."

అది తలెత్తి చూసింది. "మూడోది నువ్వు కదమ్మా తెరిచావు? ఎలక్షన్ రోజు. నేను బల్ల కింద బొమ్మ వేసుకుంటున్నాను. నాన్న ఫోన్ చేశాడు. నువ్వు వచ్చి ఏడుస్తూ మూతలు పెట్టావు."

"అది వేరే గొట్టం. నీకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

"నాకు గుర్తుంది. దానిమీద త్రీ అని..."

"నీకు సరిగ్గా గుర్తులేదన్నానా! నీకెప్పుడూ ఇలాగే ఏదో ఒకటి ఊహించుకోవడం అలవాటు."

దాని మొహం చూశాను. కనుబొమలు దగ్గరకొచ్చాయి. బల్ల, బొమ్మ, మూతలు అన్నీ మనసులో మళ్ళీ చూసుకుంటోంది, ఎక్కడ తప్పు చూశానా అని.

పాండురంగ నాతో అచ్చం ఇలాగే అనేవాడు. ముందు కొట్టేవాడు, మర్నాడు అసలు చెయ్యే ఎత్తలేదనేవాడు. నీకు సరిగ్గా గుర్తులేదు. ఇదే మాట, ఇదే గొంతు. ఆరేళ్ళకి నేను కూడా నిజమేనేమో అనుకునేదాన్ని. దెబ్బ మర్చిపోయాను గాని ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

ఎనిమిది వేల కిలోమీటర్లు పారిపోయి వచ్చి ఆ మాట నా నోట్లోనే మోసుకొచ్చాను.

పిల్లని మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. నీకు గుర్తున్నదే నిజం. గొట్టం మూడోది. తెరిచింది నేను. అబద్ధమాడాను.

"ఎందుకు?"

"భయమేసి."

"పెర్సీ అంకుల్ అంటేనా?"

"నాన్న దగ్గరికి పంపేస్తారని."

"మరి తాతకి చెప్పావా?" అంది.

నవంబరు 11, సోమవారం

బస్టాపుకి నడుస్తూ చెప్పాను. ముందు రెండుసార్లు మొదలుపెట్టి వాన గురించి మాట్లాడాను. మూడోసారి ఆగి చెప్పాను. బాబాయ్, మూడో గొట్టం మీరు తెరవలేదు. నేను తెరిచాను. ఎన్నికల రోజు. రిజిస్టర్‌లో ముందురోజు కింద మీ పేరు నేనే రాశాను.

బస్సు వచ్చింది. మేము ఎక్కలేదు. డ్రైవరు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

"ఓటు రోజు" అన్నారాయన. "నేను లైన్‌లో నిలబడింది. అమ్మణి నీలం చీర కట్టింది. ముందురోజు రెండే తెరిచింది నేను. బాగ గుర్తుంది నాకు."

"మీకు అంతా సరిగ్గానే గుర్తుంది."

"అయిదు వారం నా తలకాయి నేను నమ్మలా. స్టవ్ దగ్గర నిలబడి నాబులు లెక్కపెట్టింది. నువ్వు కిటికీలోంచి చూసింది, నాకు తెలుసు."

"చూశాను."

"చూసి?"

"చూసి ఊరుకున్నాను" అన్నాను.

కేకలు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది. "తెల్లవాడు నన్ను జగ్గీ అన్నది. పర్లేదు, వాడికి నేను ఎవరు? నువ్వు నా ఇంట్లో తిన్నది." టిఫిను సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, "ఇంక నన్ను బాబాయ్ అనొద్దు" అన్నారు.

తర్వాతి బస్సులో ఆయన ముందు సీటులో కూర్చున్నారు. నేను వెనక.

నవంబరు 12, మంగళవారం

జరిగినదంతా రెండు పేజీలు రాసి పెర్సీ బల్లమీద పెట్టాను. చదివాడు. గడ్డం ముట్టుకోలేదు.

"దీన్ని వెనక్కి తీసుకో వసుమతీ. నేను చదవలేదనుకుంటాను."

"ఇంకో ప్రతి హోదాల కమిటీకి పొద్దున్నే ఇచ్చేశాను. గేటు పుస్తకం చూడమని రాశాను."

ఆయన మొహం ఎర్రబడింది. "నీ కూతురి సంగతి ఆలోచించావా?"

"ఆలోచించే ఇచ్చాను."

గదిలోంచి బయటికి వచ్చాను. పెర్సీ సెక్రటరీ బెరిల్ కుర్చీ లాగి నీళ్ళిచ్చింది. ఏమైందని అడగలేదు. మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోయింది.

నవంబరు 17, ఆదివారం

అమ్మణి పిన్ని వెనక తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"చంటిది ఏం పాపం చేసింది? దాన్ని అన్నానికి పంపు."

పంపాను. నన్ను పిలవలేదు. పిలుస్తుందని నేను అన్నం వండుకోలేదు కూడా. సిగ్గుమాలిన ఆశ.

నవంబరు 22

పెర్సీ పర్మిట్ ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. జనవరి 31.

డిసెంబరు 3, మంగళవారం

కమిటీ వాళ్ళు ముగ్గురు. ఆవిడొకరు, వెలరీ అని, అన్నీ రాసుకుంటూ అడిగారు. గేటు పుస్తకం బల్లమీద ఉంది. జూన్ 26, వసుమతి, ఒక పాప, పొద్దున తొమ్మిదిన్నర.

"ఎందుకు ఆయన పేరు రాశారు?"

"ఆ గడిలో ఎప్పుడూ ఆయన పేరే ఉంటుంది కాబట్టి."

"మరి తప్పని తెలిశాక ఎందుకు మాట్లాడలేదు?"

పాండురంగ గురించి చెప్పాలనుకున్నాను. పర్మిట్, పిల్ల. అన్నీ నిజాలే. కాని పక్క కుర్చీలో జగన్నాథం గారు కోటు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన ముందు అవన్నీ తూకానికి పెట్టబుద్ధి కాలేదు. "నా ఉద్యోగం పోతుందని" అన్నాను.

తీర్పు: తొమ్మిది గొట్టాలూ మళ్ళీ మొదటినుంచి సరిచూడాలి. చూసేది జగన్నాథం గారు. నేను జనవరి ఆఖరు దాకా ఆయన చెప్పినట్టు చెయ్యాలి. పెర్సీకి ఏమీ కాలేదు. ఆయన ఏ పుస్తకమూ చూడలేదు కదా.

డిసెంబరు 10

తడిగది. ఆయన అంకెలు చెబుతారు, నేను రాస్తాను. అంకెలు తప్ప మాట లేదు. "ఇది పైనే కద" అని అడగడం లేదు. పెద్ద దీపం కింద వంగి, గవ్వముక్కలు ఎటు పడుకున్నాయో, పురుగుల బొరియలు ఎటు దిగాయో చూసి తనే చెబుతున్నారు.

డిసెంబరు 18, బుధవారం

కొత్త గ్రాఫు. మూడో గొట్టం తిప్పి పెట్టాం. మిగతా ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి.

సముద్రం ఏడు వేల ఏళ్ళు తీసుకుంది రెండున్నర డిగ్రీలు వేడెక్కడానికి. ఏ తొందరా లేదు. మధ్యలో ఒకచోట కాస్త ఆగింది, మళ్ళీ మొదలైంది. ఈ గీత చూసి ఎవరూ కుర్చీలోంచి లేవరు.

జగన్నాథం గారు కాగితం దూరంగా పట్టుకుని చూశారు. "గెంతులు లేదు."

"లేవండి."

"మంచిదే" అన్నారు. ఈ నెలలో అంకెలు కాని మాటలు అవే.

1997 జనవరి 6, సోమవారం

ఆయనకి హోదా వచ్చింది. సీనియర్ టెక్నీషియన్. ఉత్తరం పిన్ని చేతిలో ఉంది, వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చూపిస్తోంది. నాకూ చూపించింది. చూపించాక గుర్తొచ్చి కవరులో పెట్టేసుకుంది.

పాండురంగ పాత ఉత్తరం విప్పాను. కొత్తది కూడా. నా పర్మిట్ సంగతి ఎవరో చెప్పారట. బొంబాయి విమానాశ్రయానికి వస్తానని, అన్నీ మర్చిపోదామని రాశాడు.

మృదులకి రాశాను. యూనివర్సిటీలో నాతో చదివింది, గోవాలో ఉంటుంది.

జనవరి 20

మృదుల జవాబు. ఉద్యోగం హామీ ఇవ్వలేదు. మూడు నెలలు తన ఇంట్లో ఉండమంది. పిల్లకి దగ్గరే బడి ఉందట.

మూడు నెలలు. లెక్కపెట్టుకోవడానికి ఒక అంకె ఉంది.

జనవరి 28, మంగళవారం

ఒక్క గొట్టం తప్పయ్యాక ఆ గుంట మట్టిని ఎవరూ నమ్మరని, అదే చోటునుంచి మళ్ళీ మట్టి తేవాలని నిర్ణయించారు. ఈరోజు ఓడ బయల్దేరింది. ఓడమీద టెక్నీషియన్ ఉండాలి. ఇరవై తొమ్మిదేళ్ళు సముద్రం అడుగు మట్టి చేత్తో పట్టుకున్న మనిషి ఒక్కసారి కూడా ఆ ఓడ ఎక్కలేదట. అటెండెంట్లకి పడక ఉండేది కాదు, అంతకుముందు ఆయన రంగువాళ్ళని ఓడ మెట్లే ఎక్కనిచ్చేవారు కాదు. నిన్ననే బెరిల్ చెబితే తెలిసింది.

తేజశ్రీ వెళ్దామని ఏడిచింది. వెళ్ళాం. రేవులో పిన్ని మమ్మల్ని చూసి కాస్త పక్కకి జరిగింది. జరగడం చోటివ్వడానికో, దూరానికో తెలియలేదు. నిలబడ్డాను.

జగన్నాథం గారు నారింజరంగు జాకెట్లో ఉన్నారు. మెట్లెక్కబోతూ వెనక్కి వచ్చి, తేజశ్రీ తలమీద చెయ్యి వేశారు. తర్వాత నాతో, పని మాట్లాడే గొంతుతో, "గొట్టం నీళ్ళలోంచి వస్తానే కత్తితో గాటు పెడతది నేను. పైన ఒకటి, కింద రెండు. పెన్ను లేదు. సరిపోతదా?" అన్నారు.

"సరిపోతుందండి. మూత మీద కాదు, గొట్టం మీదే పెట్టండి. మూతలు మారిపోతాయి."

"ఊఁ. గొట్టం మీద." తల ఊపి వెళ్ళిపోయారు.

ఓడ కదిలింది. పిన్ని కొంగు ఎత్తి ఊపింది. "ఒకతూరి తిరిగి చూడకూడదా ఈ మనిషి?" అని గొణిగింది, నాతోనో తనలో తనో. ఆయన తిరగలేదు. ముందువైపు కమ్మీ పట్టుకుని, ఓడ రేవు దాటేదాకా సముద్రం వైపే చూస్తున్నారు. పిన్ని కళ్ళు తుడుచుకుని మాతోపాటే బస్టాపుకి నడిచింది. బస్సులో మా వెనక సీటులో కూర్చుంది.

విమానం ఎల్లుండి. దారిలో తేజశ్రీ అడిగింది, బొంబాయికి నాన్న వస్తాడా అని.

వస్తానని రాశాడు అన్నాను. వచ్చినా మనం ఆయనతో వెళ్ళం. గోవా బస్సు ఎక్కుతాం.

"అరిస్తే?"

"అరుస్తాడు."

అది కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది. "అయితే అక్కడ నా చెయ్యి గట్టిగా పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఇంకా రెండు రోజులుంది. అయినా పట్టుకున్నాను.